ఫ్యామిలీ క్యాంపు వాలంటీర్లకు ముందురోజు ట్రైనింగా, రోజూ పావుగంట మెంటరింగా?

తూనీగ:
మా బృందంలో ఈ పంచాయితీ తెగడం లేదు. ఇప్పటిదాకా క్యాంపుకు ముందురోజు అందర్నీ కూర్చోబెట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ట్రైనింగ్ ఇస్తున్నాం. అది తీసేసి, అనుభవం ఉన్న ఒక్కొక్కరికి నలుగురేసి కొత్తవాళ్లను అప్పగించి, క్యాంపు రోజుల్లోనే ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడిస్తే చాలని నా వాదన. ఒకేసారి కూరితే మూడో రోజుకు ఎవరికీ గుర్తుండదు. విడతలుగా నేర్చుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మీరేమంటారు?

నడకదారి:
ఎబ్బింగ్‌హౌస్ బట్టీ పట్టింది అర్థంలేని అక్షరాల ముక్కల్ని. పిల్లాడు కనబడకుండాపోతే ముందు ఎవరికి చెప్పాలన్నది ఆ కోవలోది కాదు. అది మీ పావుగంట వచ్చేదాకా ఆగదు కూడా. పిల్లలెవరితోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎవరికి ఏ అలర్జీ ఉందో తెలియకుండా ఏదీ తినిపించకూడదు, తమను ఎవరైనా వేధిస్తున్నారని పిల్లలు చెబితే ‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వకూడదు. మొదటి కుటుంబం లోపలికి రాకముందే ఇవి తెలిసి తీరాలి. ట్రైనింగ్ తీసేస్తే నేను ఆ క్యాంపుకు రాను.

కొత్తమొలక:
నేను పోయినసారే మొదటిసారి వెళ్లాను. ట్రైనింగ్‌లో అంతా పిల్లల గురించే చెప్పారు. తీరా వెళ్లాక నా టెన్షనంతా పెద్దవాళ్లతోనే! ఒక బాబు చెల్లి చేతిలో కుంచె లాక్కుని కొడుతున్నాడు. తల్లి పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నేను ఆపాలా? ఆపితే ‘నీకు పెంచడం రాదు’ అన్నట్టు ఉండదా? ఊరికే నిలబడిపోయాను. మా మెంటర్‌గారు ఆ సాయంత్రం ఇలా చెయ్యి అని చెప్పలేదు. “ఆవిడ వచ్చినప్పటినుంచీ తీరిగ్గా కూర్చోవడం ఎప్పుడైనా చూశావా?” అని అడిగారు, అంతే. మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్లి, “వీళ్లిద్దర్నీ కాసేపు నేను ఆడించనా అండీ? మీరు ఇక్కడే ఉండండి, మాకు కనిపిస్తూనే ఉంటారు” అన్నాను. నా మాట పూర్తి కాకముందే సరే అనేశారు. ఇది ముందురోజు చెప్పి ఉంటే నా బుర్రకు ఎక్కేదే కాదు.

గట్టుమీద:
కొత్తమొలకగారికి మంచి మెంటర్ దొరికారు. చాలాచోట్ల ఆ పావుగంటలో పది నిమిషాలు మెంటర్‌గారి సొంత గొప్పలే నడుస్తాయి. అంతకన్నా పెద్ద తంటా ఇంకోటుంది. వచ్చేసారి ఎవర్ని పిలవాలో తేల్చేదీ ఆ మెంటరే అయితే, ఎవరు నోరు విప్పుతారు? ‘అంతా బాగానే ఉందండీ’ అని నీళ్లు నములుతారు. రాత్రి ఒక తండ్రి తన కాపురం గొడవలన్నీ ఒక వాలంటీర్ అమ్మాయి ముందు వెళ్లబోసుకున్నాడనుకోండి. ఆ అమ్మాయికి నిద్ర పట్టలేదన్న సంగతి మార్కులు వేసే మనిషికి చెబుతుందా? మార్కులు వేసేవాళ్లు వేరు, ఆసరా ఇచ్చేవాళ్లు వేరు ఉండాల్సిందే. ఆ అమ్మాయి కౌన్సెలర్ కానక్కర్లేదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకమే చూడండి: గమనించడం, వినడం, సాయం దొరికేచోటికి చేర్చడం. విపత్తుల్లో పనిచేసేవాళ్ల కోసం రాసిందే, కానీ ఎక్కడ ఆగాలో ఇక్కడా పనికొస్తుంది.

ఇక టైము. పిల్లలంతా పడుకున్నాక పెడితే కళ్లు మూతలు పడుతుంటాయి. షిఫ్టు మారేటప్పుడు పెట్టండి.

తూనీగ:
షిఫ్టు మారేటప్పుడు అంటే ఆ టైములో వాళ్ల పని చూడటానికి అదనంగా మనుషులు కావాలి. నలుగురితో విడివిడిగా అంటే మెంటర్‌కే రోజుకు గంట పోతుంది. ఇద్దరిద్దర్ని కలిపి కూర్చోబెడితే?

గట్టుమీద:
కలిపితే పని విషయాలు తేలతాయి, మనసులో మాట బయటికి రాదు. మొదటి రోజు విడిగానే కూర్చోండి, తర్వాత కలపండి.

తూనీగ:
మార్కుల సంగతి ఒప్పుకుంటున్నాను, మెంటర్లకు ఆ అధికారం ఉండదు. నడకదారిగారూ, భద్రత విషయాలకు మాత్రం ముందు ఒక పూట ఉంచేద్దాం. మిగతాదంతా మెంటరింగ్‌కే. వస్తారా?

నడకదారి:
ఏ పూట? ముందురోజు సాయంత్రమైతే కుదరదు, ఈసారి సగంమంది అప్పటికి దిగనే దిగరు. క్యాంపు మొదలయ్యే రోజు పొద్దున, కుటుంబాలు రాకముందే పెట్టి, దానికి రానివాళ్లకు పిల్లల్ని అప్పగించనని రాసివ్వండి, అప్పుడు చూద్దాం.