తొలినాళ్ల జీరోకి పెచ్చులు పెట్టాలా, వద్దా? (1/48, మోడల్ 21)

నట్టుబోల్టు
టామియా 1/48 ప్లాస్టిక్ కిట్: రెండో ప్రపంచయుద్ధపు జపాన్ నౌకాదళ ఫైటర్ జీరో, ఏ6ఎం2 మోడల్ 21. 1942 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోకి వచ్చిన విమాన వాహక నౌక జుయికాకు మీది విమానంగా చేస్తున్నా, తోక ముందు రెండు తెల్ల పట్టీలతో. అతికించడం, అతుకులకి పుట్టీ, రుద్దడం అయిపోయాయి. ఇక రంగు. నెట్‌లో కనపడే జీరోల్లో సగం వాటికి ఒళ్లంతా వెండి మచ్చలే, రంగు పెచ్చులూడి రేకు బయటపడినట్టు. మిగతా సగం షోరూమ్ నుంచి అప్పుడే తెచ్చినట్టున్నాయి. ఏది సరి? పెచ్చులు పెడితే కింద ఏ రంగు కనపడాలి? బేస్ మీద "వైజాగ్ మీద బాంబులేసిన జీరో" అని పలక పెడదామని ఉంది, అందులో తేడా ఉన్నా చెప్పండి.

విశాఖవాసి
ముందు పలక సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదికి వచ్చినవి జీరోలు కావు. జపాన్ అడ్మిరల్ ఓజావా దళంలోని చిన్న విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన బీ5ఎన్ బాంబర్లు. ర్యూజో మీద అప్పుడున్న ఫైటర్ కూడా జీరో కాదు, చక్రాలు లోపలికి ముడవని పాత ఏ5ఎం. జీరోలు అడ్మిరల్ నగుమో పెద్ద దళంతో ఉన్నాయి: 5వ తేదీ ఈస్టర్ ఆదివారం కొలంబో, 9న ట్రింకోమలి. ఆ దళంలో అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు నౌకలు వచ్చాయి. "కాగా" అనే ఇంకో నౌక అడుగు దెబ్బతిని మరమ్మతుకి జపాన్ వెళ్లిపోయింది. మీ జుయికాకు విమానానికి "కొలంబో" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. విశాఖే కావాలంటే బీ5ఎన్ కిట్ కొనుక్కోవాల్సిందే.

క్లియర్‌కోట్
పెచ్చులు వద్దు. పెచ్చులూడిన జీరో అనగానే అందరి కళ్లముందు మెదిలేవి 1943 నుంచి పసిఫిక్ దీవుల్లోని జపాన్ స్థావరం రబౌల్ లాంటి చోట్ల తీసిన ఫొటోలు. ఫ్యాక్టరీలో వేసిన బూడిద రంగు మీద అక్కడి మెకానిక్‌లు ముదురాకుపచ్చ పూసేవారు. కింద ప్రైమర్ లేదు, ఉపరితలం రుద్దలేదు, ఆ పైన ఉష్ణమండలపు ఎండ, వాన, పగడపు దుమ్ము. ఊడక ఏమవుతుంది? ఊడింది పైపూత ఆకుపచ్చే, దాని కింద కనపడింది చాలాచోట్ల బూడిద రంగే.

1942 ఏప్రిల్ నాటి నౌక విమానం కథ వేరు. అది మిత్సుబిషి ఫ్యాక్టరీ పూత. రేకు మీద ఎరుపు-గోధుమ ప్రైమర్, దాని మీద గట్టి, మెరిసే రంగు. దొరికిన శకలాల్లో ఆ రంగు ఇప్పటికీ అంటిపెట్టుకునే ఉంది. నౌకలో మూసి ఉన్న హ్యాంగర్లు, రోజూ తుడిచే సిబ్బంది. అలాంటి విమానానికి వెండి మచ్చలు పెడితే అది రబౌల్ జీరోకి కొలంబో చొక్కా తొడగడమే.

స్పాంజ్_రాజు
క్లియర్‌కోట్ గారూ, "ఒళ్లంతా వద్దు" అనండి, ఒప్పుకుంటా. "అసలు వద్దు" అంటే మాత్రం కుదరదు. డిసెంబర్‌లో పెరల్ హార్బర్, జనవరిలో రబౌల్, ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని డార్విన్, ఏప్రిల్‌లో కొలంబో అంటూ నగుమో దళం రెండు మహాసముద్రాల్లో తిరిగింది. ఉప్పు గాలి, తడి డెక్ మీద తోసుకుంటూ తిప్పడం, 20 మి.మీ. తుపాకుల మూతలు ప్రతిసారీ తీసి పెట్టడం. స్క్రూడ్రైవర్ జారిన గీత కూడా లేని మూత ఉంటుందా? పైలట్ ఎక్కేది ఎడమవైపు నుంచి. ఎడమ రెక్క మొదట్లో (ఒంటికి కలిసేచోట), మడిచే మెట్టు చుట్టూ, చేతిపట్టు దగ్గర అరుగుదల లేకపోతే ఆ విమానాన్ని ఎవరూ నడపలేదనే అర్థం.

క్లియర్‌కోట్
అరుగుదల అనండి, కాదనను. అరుగుదల వేరు, పెచ్చు వేరు. కాలు పడేచోట రంగు పలచబడి మెరుపు పోతుంది, బాగా అరిగితే ప్రైమర్ గోధుమ తొంగిచూస్తుంది. మెరిసే అల్యూమినియం చుక్కలు మాత్రం రంగులో ముంచిన స్పాంజితో కొట్టేవాళ్ల చేతి అలవాటు.

ఎమెరీ_2000
ఇద్దరూ కొలతలు వదిలేశారు. జీరో రెక్కల వెడల్పు 12 మీటర్లు, 1/48లో 25 సెం.మీ. మోడల్ మీద 1 మి.మీ. మచ్చ అంటే అసలు విమానం మీద దాదాపు 5 సెం.మీ. ఊడిన రంగు. స్పాంజి ముక్కతో ఒక్కసారి అద్దితే ఆవగింజంత మచ్చలు పడతాయి, అంటే ఒక్కోటి అరచేయంత. స్క్రూ చుట్టూ రాలిన రంగు నిజంలో 10 మి.మీ. ఉంటే మోడల్ మీద 0.2 మి.మీ. దాన్ని స్పాంజి వేయలేదు. అతిసన్నని 000 బ్రష్ కొస, లేదా బాగా చెక్కిన పెన్సిల్.

అన్నిటికన్నా ఎక్కువ కనపడే తప్పు ఇంకోటుంది. ఐలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్ (రెక్కల మీద, తోక మీద కదిలే పలకలు) గుడ్డ చుట్టినవి, కింద రేకే లేదు. వాటి మీద వెండి మచ్చ పడిందంటే చేసినవాడు విమానం గురించి చదవలేదనే లెక్క. ఫ్లాప్‌లు మాత్రం లోహమే. గుడ్డ భాగాల మీద పూత వేరే రకం, అందుకే రంగు కూడా మిగతా ఒంటితో కలవదు. ఒళ్లు పాకం కలిసిన ఆకుపచ్చ-బూడిదలో ఉంటే అవి మామూలు బూడిదలో ఉంటాయి. పెచ్చుల మీద పెట్టే సమయంలో సగం ఈ తేడాకి పెడితే మోడల్ దానంతటదే నిజంగా కనపడుతుంది.

గోదారిగట్టు
రంగు గురించి కూడా కాస్త చెప్పండి అన్నా. కొందరు లేత బూడిద అంటారు, కొందరు ఆలివ్ అంటారు. టామియా వాళ్ల ఆకుపచ్చ-బూడిద యాక్రిలిక్ రంగు ఎక్స్‌ఎఫ్-76 మరీ పచ్చగా అనిపిస్తోంది.

ఎమెరీ_2000
రెండు వర్గాలకీ ఆధారం ఉంది తమ్ముడూ, అందుకే ఈ గొడవ తెగదు. 1942 నాటి జపాన్ నౌకాదళ నివేదికలోనే అప్పటి జీరో రంగుని బూడిద, కొద్దిగా పాకం ఛాయ వైపు మొగ్గినది అని రాశారు. ఎండకి పై పొర సున్నంలా తెల్లబడుతుంది. అప్పుడు దూరం నుంచి లేత బూడిదే. శకలాన్ని పాలిష్ చేస్తే కింద ఆలివ్ ఛాయ బయటికొస్తుంది. నౌక మీద నాలుగైదు నెలలు తిరిగిన విమానానికి ఎక్స్‌ఎఫ్-76లో పదోవంతు తెలుపు కలిపి, రెక్క పైభాగంలో మాత్రం ఇంకాస్త లేతగా ఒక పలచటి పొర. గుడ్డ భాగాలకి బూడిద రంగు ఎక్స్‌ఎఫ్-12 సరిపోతుంది. ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు, అంటే కౌలింగ్, నీలం కలిసిన నలుపు: నలుపు 9 పాళ్లు, ముదురు నీలం 1 పాలు. శుద్ధ నలుపు వేస్తే చచ్చినట్టుంటుంది.

స్పాంజ్_రాజు
పెచ్చుల్లో వెండి వద్దు, గోధుమ ప్రైమరే అన్నదాన్ని కూడా వేదంలా పట్టుకోకండి. ప్రైమర్ దాటి రేకు దాకా గీసుకుపోయే చోట్లు ఉంటాయి: మూతల అంచులు, స్క్రూ తలలు. ఇంకో సంగతి, ఆ కాలపు ప్రొపెల్లర్ ముందువైపు మెరిసే లోహమే, కొసల్లో రెండు ఎర్ర గీతలు. వెనకవైపు పైలట్ కళ్లలో మెరవకుండా ముదురు గోధుమ. చాలామంది రెండువైపులా గోధుమ పూసి, దాని మీద వెండి పెచ్చులు కొడతారు. అదీ తప్పే, 1942 ఏప్రిల్‌కి అసలే తప్పు.

నట్టుబోల్టు
సరే, ఎడమ రెక్క మొదలు, తుపాకుల మూతలు, మెట్టు. ఈ మూడు చోట్లకే పరిమితం అనుకుందాం. హెయిర్‌స్ప్రే పద్ధతి (కింది రంగు మీద హెయిర్‌స్ప్రే, దాని మీద పై రంగు వేసి, నీళ్లతో తడిపి ఊడగొట్టడం) ఇక్కడ పనికొస్తుందా? ఎక్స్‌ఎఫ్-76 సీసా, అదే రంగు ఏఎస్-29 స్ప్రే డబ్బా రెండూ ఉన్నాయి.

ఎమెరీ_2000
ఏఎస్-29 పక్కన పెట్టేయండి. అది లాక్కర్, దాని కిందికి నీళ్లు దిగవు. మీరు గంటసేపు రుద్దినా హెయిర్‌స్ప్రే కరగదు, చివరికి ప్లాస్టిక్ దాకా గీరుకుపోతుంది. ఎక్స్‌ఎఫ్-76 వాడండి, కానీ లాక్కర్ థిన్నర్‌తో పలచన చేయొద్దు, అది హెయిర్‌స్ప్రే పొరని కొరికేస్తుంది. టామియా యాక్రిలిక్ థిన్నర్ ఎక్స్-20ఏ, లేదంటే డిస్టిల్డ్ నీళ్లు.

వరస ఇది. మొదట మోడల్‌ని ఒక చుక్క గిన్నెల సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో కడిగి ఆరబెట్టండి, వేలి జిడ్డు ఉంటే ప్రైమరే లేస్తుంది. ఆ మూడు చోట్ల ఎక్స్‌ఎఫ్-64 ఎరుపు-గోధుమ. దాని మీద లాక్కర్ క్లియర్ (రంగులేని వార్నిష్) పలచగా, 24 గంటలు ఆరనివ్వాలి. ఈ పొర మానేస్తే నీళ్లతో రుద్దేటప్పుడు గోధుమ కూడా ఊడి అడుగు ప్లాస్టిక్ బయటపడుతుంది. తర్వాత హెయిర్‌స్ప్రేని ఎయిర్‌బ్రష్ కప్పులో పోసుకుని ఆ చోట్లకే రెండు పలచటి పొరలు, డబ్బాతో నేరుగా కొడితే చుక్కలు చుక్కలుగా పడుతుంది. పావుగంట ఆగి ఎక్స్‌ఎఫ్-76, 0.3 మి.మీ. నాజిల్, గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ, రంగు 1 పాలుకి థిన్నర్ 1 పాలు, రంగు నిలిచీ నిలవనట్టు రెండు పూతలు. అరగంట నుంచి గంటలోపు పని మొదలుపెట్టాలి. ఆలస్యమైన కొద్దీ రంగు గట్టిపడి, చుక్కలుగా రాలాల్సింది రేకులుగా లేస్తుంది.

కత్తిరించి పొట్టి చేసిన పాత బ్రష్‌ని నీళ్లలో ముంచి, టిష్యూకి అద్ది, తడిని ఒక నిమిషం అక్కడ ఉండనివ్వండి. తర్వాత బ్రష్ నిలువుగా పట్టుకుని పొడిచినట్టు తట్టండి. పక్కకి రుద్దితే గీతలు పడతాయి. మొదటి గోధుమ చుక్క కనపడగానే ఆపి, ఆరనిచ్చి చూడండి, తడిలో కనపడనిది ఆరాక రెండింతలు కనపడుతుంది.

మాస్కింగ్_టేప్
దీనికి ఒక అడ్డంకి ఉంది, ఎవరూ చెప్పలేదు. హెయిర్‌స్ప్రే ఉన్నచోట టేప్ అంటిస్తే టేప్‌తోపాటు రంగంతా వస్తుంది. అందుకే కౌలింగ్, తెల్ల పట్టీలు, కాక్‌పిట్ అద్దాల చట్రం ముందే పూర్తి చేసుకోవాలి, లేదా పెచ్చులు తీశాక క్లియర్ కొట్టి ఒక రోజు ఆగాలి. పెచ్చులున్న చోటుని టేప్ తాకాల్సి వస్తే దాని జిగురు ముందు అరచేతికి రెండుసార్లు అద్ది తగ్గించుకోండి.

ఇక తీరప్రాంతంలో ఉంటే లాక్కర్ క్లియర్‌ని ఈ వానాకాలంలో జాగ్రత్తగా కొట్టండి. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి పొర పాలపొంగులా తెల్లబడుతుంది. రిటార్డర్ 5 నుంచి 10 శాతం కలిపితే ఆరడం నెమ్మదించి తెలుపు రాదు. వచ్చేసిందంటే రుద్దకండి, రిటార్డర్ ఎక్కువ కలిపిన థిన్నర్‌ని మంచులా ఒక పూత కొడితే చాలాసార్లు మళ్లీ తేరుకుంటుంది.

క్లియర్‌కోట్
ఇంత శ్రమ మూడు చోట్ల మూడు గోధుమ చుక్కల కోసమా? ఎక్స్‌ఎఫ్-64లో 000 బ్రష్ ముంచి, టిష్యూకి తుడిచి, పది చుక్కలు పెడితే అయిపోతుంది. తప్పు పడితే తడి మీదే ఎక్స్-20ఏ అద్ది తుడవొచ్చు, కింద ఆరిన లాక్కర్ క్లియర్ పొర ఉంటే చాలు. హెయిర్‌స్ప్రే పెద్ద విస్తీర్ణానికి మంచిది. రబౌల్ ఆకుపచ్చ జీరో చేసేవాళ్లు అది వాడాలి.

నిజంగా ఈ విమానాన్ని చెడగొట్టేవి పెచ్చులకన్నా రెండు. ఒకటి, నల్ల వాష్, అంటే గీతల్లోకి పారించే పలచటి రంగు. 0.2 మి.మీ. ప్యానెల్ గీత అసలులో సెంటీమీటర్ సందు. అందులో నలుపు నింపితే విమానం పలకలు పేర్చినట్టుంటుంది. ఎనామెల్ ముదురు బూడిద-గోధుమ వాష్, అదీ కదిలే భాగాల అంచుల్లో కాస్త ముదురుగా, మిగతా గీతల్లో లేతగా. ఎనామెల్ థిన్నర్‌ని క్లియర్ లేని ప్లాస్టిక్ మీద వదిలేయకండి. ల్యాండింగ్ గేర్ మొదలు దగ్గర బిగుతు ఉన్నచోట చీలిపోతుంది. రెండోది, మెరుపు లేని మ్యాట్ క్లియర్. ఆ పూత మెరిసేది. ఎక్స్-22 క్లియర్‌లో పదోవంతు మెరుపు తగ్గించే ఎక్స్-21 కలిపి సెమీ గ్లాస్ చేయండి. ఎక్స్-21 మోతాదు మించితే తెల్ల బూజు పట్టినట్టవుతుంది.

స్పాంజ్_రాజు
మ్యాట్ వద్దన్నది బాగుంది. కానీ మీరే ఒప్పుకున్నారు: పది చుక్కలు. ఆ పది నాకు చాలు.

క్లియర్‌కోట్
పదిలో ఒక్కటి కూడా వెండి కాదు.

గోదారిగట్టు
పొగ మరకలు? ఎగ్జాస్ట్ గొట్టం కింద నల్లగా కొట్టాలా అన్నా?

విశాఖవాసి
మోడల్ 21లో ఎగ్జాస్ట్ అటొకటి ఇటొకటి, కౌలింగ్ కింద బయటికి వస్తాయి. మరక పొట్ట మీదుగా రెక్క మొదలు కిందికి సాగుతుంది. దూరప్రయాణాల్లో ఇంధనం పలచగా మండించినప్పుడు మిగిలేది నలుపు కాదు, బూడిద-గోధుమ రంగు. గోధుమని థిన్నర్ 9 పాళ్లలో పలచన చేసి పొడవుగా, మధ్యలో కొంచెం లేత బూడిద. 330 లీటర్ల డ్రాప్ ట్యాంక్ (గాల్లో వదిలేసే అదనపు ఇంధన ట్యాంకు) పెడుతున్నట్టయితే దాని పైభాగం మీద కూడా కాస్త పడుతుంది, కానీ ట్యాంక్ వదిలేసి మళ్లీ కొత్తది తగిలించేవారు, కాబట్టి అది విమానమంత మురికిగా ఉండకూడదు.

నట్టుబోల్టు
పలక "కొలంబో, 1942 ఏప్రిల్ 5" అని మార్చేశా. చివరి ప్రశ్న. రెక్క మీద జపాన్ గుర్తు ఎర్ర సూర్యుడికి డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మ) వాడితే దాని మీద కూడా అరుగుదల చూపించొచ్చా?

మాస్కింగ్_టేప్
డెకాల్ మీద కుదరదు. కింద పెచ్చు ఉన్నా డెకాల్ దాన్ని కప్పేస్తుంది, పైనుంచి చుక్క పెడితే అంటించినట్టే ఉంటుంది. ఆ ఎరుపు కూడా మాస్క్‌తో కొట్టుకోండి. సర్కిల్ కట్టర్‌తో టేప్‌లో గుండ్రం కోసి, ముందు ఒక పలచటి పొర ఒంటి రంగే మళ్లీ కొడితే అంచులు మూసుకుపోయి ఎరుపు లోపలికి పాకదు, ఆపైన ఎక్స్‌ఎఫ్-7లో చుక్క గోధుమ కలిపి ఎరుపు. కిట్ షీట్‌లో ఫ్యూజిలేజ్ (విమానం ఒళ్లు) మీది సూర్యుడి చుట్టూ తెల్ల అంచు ఉన్న గుర్తులు కూడా ఉంటే అవి వాడకండి, అవి నకాజిమా ఫ్యాక్టరీ జీరోలవి. మీది మిత్సుబిషి, అంచు ఉండదు.