ఎఫ్‌-150కి తేలికపాటి ఫిఫ్త్ వీల్ హిచ్: ఏది తీసుకోవాలి?

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారం. ఇండియా నుంచి వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. నా కాంట్రాక్టులు ఊళ్లు మారుతుంటాయి కాబట్టి, ఒక పాత ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ముందు భాగాన్ని ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాగే ఇల్లు లాంటిది) కొని అందులోనే ఉందామని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. బండి ఫోర్డ్ ఎఫ్‌-150 పికప్ ట్రక్కు, వెనక సామాన్ల తొట్టి, అంటే బెడ్, అయిదున్నర అడుగులు. డోర్ దగ్గర పసుపు స్టిక్కర్ మీద పేలోడ్, అంటే ట్రక్కు మోయగల బరువు, 1,720 పౌండ్లు అని ఉంది. ట్రైలర్ బ్రోషర్‌లో ఖాళీ బరువు 7,200, పిన్ బరువు (ట్రైలర్ ముందు పిన్ ద్వారా ట్రక్కు మీద పడేది) 1,300. పాపతో కలిపి మేం ముగ్గురం 350. ఇక మిగిలేది 70 పౌండ్లే. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్ స్టీల్‌దైతే 150 దాకా ఉంటుందట, అది పెడితే లెక్క దాటిపోతుంది. అందుకే అల్యూమినియం హిచ్ చూస్తున్నాను. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఫ్రిస్కో నుంచి:
తమ్ముడూ, హిచ్ సంగతి తర్వాత. ట్రైలర్ ఎక్కడ పెడతావో ముందు చెప్పు. మేం అప్పట్లో ఉన్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో లీజింగ్ ఆఫీసు అమ్మాయి "వెనక గేటు దగ్గర పెట్టుకోండి, ఫరవాలేదు" అంది, నోటిమాటగా. ఆమె మానేసింది, కొత్త మేనేజర్ వచ్చాడు. ఒకరోజు పొద్దున్నే కిందికి దిగితే ట్రైలర్ లేదు, చక్రాల కింద పెట్టిన చెక్కదిమ్మలు మాత్రం ఉన్నాయి. రాత్రికి రాత్రి టోయింగ్ వాళ్లు లాక్కుపోయారు. టోయింగ్ ఫీజు, పైగా రోజుకింతని స్టోరేజీ. ఆఫీసుకెళ్తే "మీ లీజులో ట్రైలర్ ఊసే లేదు" అన్నారు. టెక్సాస్‌లో జస్టిస్ కోర్టులో టో హియరింగ్, అంటే బండి లాక్కుపోవడం సరైనదేనా అని విచారణ, అడగొచ్చు. 14 రోజుల్లో అడగాలి, శని ఆదివారాలూ సెలవులూ లెక్కలోకి రావు. అడిగాం. జడ్జి గారు రాతపూర్వక అనుమతి చూపించమన్నారు. మా దగ్గర ఏముంది చూపించడానికి? పైసా తిరిగి రాలేదు. ఎవరు సరే అన్నా ఆ మాట ఈమెయిల్‌లో పెట్టించుకో. ఇంకోటి, ట్రైలర్‌కి ఏటా ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ ఉండాల్సిందే.

ఆస్టిన్ నుంచి:
అన్నా, చివరిది ఇప్పుడు లేదు. టెక్సాస్‌లో కమర్షియల్ కాని బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి తీసేశారు. కొన్ని కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ మాత్రం ఉంది, అది ఇంజనున్న బండికి. హిచ్ విషయానికొస్తే, ఆండర్సన్ అల్టిమేట్ అల్యూమినియంది 40 పౌండ్ల లోపే. ఒక్కడినే ఎత్తి బెడ్‌లో పెడతాను, తీసేస్తాను. కొనేయండి.

హ్యూస్టన్ నుంచి:
బ్రదర్, తొందరపడి కొనకండి. ఈ లెక్కలో తప్పు హిచ్ దగ్గర లేదు, 1,300 దగ్గర ఉంది. అది ఖాళీ ట్రైలర్ పిన్ బరువు. చాలా బ్రోషర్లలో బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు కూడా కలపరు. మీరు అందులోనే కాపురం ఉంటామంటున్నారు. బట్టలు, గిన్నెలు, గ్రైండర్, బియ్యం బస్తా అన్నీ ఎక్కితే 9,000 పౌండ్లు తేలిగ్గా అవుతుంది. ఫిఫ్త్ వీల్‌లో సుమారు 20 శాతం పిన్ మీద పడుతుంది, అంటే 1,800. మీరింకా బండెక్కకముందే 1,720 దాటిపోయింది. అసలు బరువే లేని హిచ్ పెట్టినా ఈ లెక్క కుదరదు.

పైగా ఈ ట్రైలర్లలో బెడ్‌రూమ్, బట్టల అలమర, కింద పెద్ద సామాన్ల అర అన్నీ ముందు వైపే. ఎడ్లబండిలో బస్తాలన్నీ ముందుకు సర్దితే కాడి ఎద్దుల మెడ మీద పడినట్టు, మీరు సర్దే ప్రతి వస్తువూ మీ ట్రక్కు వెనక ఇరుసు మీద పడుతుంది.

ఆస్టిన్ నుంచి:
డీలర్లు "హాఫ్ టన్ టోవబుల్", అంటే ఎఫ్‌-150 లాంటి ట్రక్కు లాగగలదు, అని అమ్ముతున్నారు కదా. ఎఫ్‌-150 టో రేటింగ్ 13,000 దాకా ఉంది.

హ్యూస్టన్ నుంచి:
టో రేటింగ్ లాగడానికి, పేలోడ్ మోయడానికి. ఫిఫ్త్ వీల్‌తో ముందు అయిపోయేది పేలోడే. డీలర్ మాట కన్నా ఆ పసుపు స్టిక్కర్ నమ్మండి. అది ఆ ఒక్క బండికి వేసిన లెక్క.

ఆ ఆండర్సన్ హిచ్ నాసిరకం అనట్లేదు. కానీ అది బెడ్ మధ్యలో గూస్‌నెక్ బాల్ అనే ఇనుప గుండు మీద కూర్చుంటుంది. మీ ట్రక్కుకి బాల్ లేకపోతే బెడ్ కింద కిట్ బిగించాలి, ఆ ఇనుము బరువూ పేలోడ్‌లోదే. బెడ్‌లో బిగించే ఇనుప రైల్స్ మీద కూర్చునే రకం తీసుకుంటే రైల్స్ బరువు. నాకైతే దవడలున్న హిచ్చే ఇష్టం. టార్చిలైటు వేసి చూస్తే పిన్ చుట్టూ దవడలు మూసుకున్నాయో లేదో కళ్లకి కనిపిస్తుంది. పై ప్లేటుకీ కింది ప్లేటుకీ మధ్య సందు ఉండకూడదు.

ఆస్టిన్ నుంచి:
బాల్ పద్ధతిలో ఆ దవడల గొడవే లేదు. పైగా పొట్టి బెడ్‌కి ట్రైలర్ పిన్‌కి బిగించే అడాప్టర్‌ని తిప్పి బిగిస్తే మలుపుల్లో క్యాబ్ అద్దానికీ ట్రైలర్ ముక్కుకీ మధ్య కొన్ని అంగుళాలు కలిసొస్తాయి. మలుపుల్లో వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ పెడితే ఇంకా బరువు.

శాక్రమెంటో నుంచి:
లైసెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. 10,000 పౌండ్లు దాటిన ఫిఫ్త్ వీల్‌కి ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్స్ మీద అదనపు అనుమతి, తప్పనిసరి.

ఫ్రిస్కో నుంచి:
అది మీ కాలిఫోర్నియాలో అండీ. ఇక్కడ ట్రక్కు, ట్రైలర్ రేటింగులు కలిపి 26,000 దాటేదాకా మామూలు క్లాస్ సీ లైసెన్స్ చాలు. అతనిది ఆ దరిదాపుల్లో లేదు.

ఇర్వింగ్ నుంచి:
అందరికీ థాంక్స్ అన్నా. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. ట్రైలర్ అమ్మేవాళ్లు అందులోనే ఉంటున్నారు, సామానంతా లోపలే ఉంది. నిజమైన పిన్ బరువు తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

హ్యూస్టన్ నుంచి:
అయితే ఇంకా మంచిది. వాళ్ల ట్రక్కుతోనే లాక్కుని ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ అనే లారీల కాటా మీదకి రమ్మనండి, ఖర్చు మీరు పెట్టుకోండి. మొదట ట్రైలర్ తగిలించి ఒక చీటీ, తర్వాత ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కటే ఇంకో చీటీ. మొదటి చీటీలో ట్రక్కు స్టీర్ (ముందు), డ్రైవ్ (వెనక) ఇరుసుల బరువు కలిపి, అందులోంచి రెండో చీటీలో ట్రక్కు బరువు తీసేయండి. వచ్చిందే పిన్ బరువు. రెండుసార్లూ ట్రక్కులో అదే మనుషులు, అదే డీజిల్ ఉండాలి. అది 1,300 దాటితే రెండే దార్లు: బంపర్ వెనక తగిలించే మామూలు ట్రావెల్ ట్రైలర్, దానికి ముందు పడేది 10 నుంచి 15 శాతమే, లేదా పెట్రోలు (గ్యాస్) ఇంజనున్న 2500 ట్రక్కు, ఎఫ్‌-150 కన్నా ఒక మెట్టు పెద్దది. డీజిల్ 2500 అయితే స్టిక్కర్ చూడకుండా కొనకండి, ఇంజను బరువే పేలోడ్‌ని చాలా తినేస్తుంది. చీటీలు వచ్చాక ఇక్కడ అంకెలు పెట్టండి, కూర్చుని చూద్దాం.