కాలేజ్ క్రెడిట్ ప్లస్ తీసుకోవాలా, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులే చాలా? (ఒహాయో)

డబ్లిన్ అమ్మ:
మేము కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు పదో గ్రేడ్. స్కూల్లో మీటింగ్ పెట్టి కాలేజ్ క్రెడిట్ ప్లస్ గురించి చెప్పారు, ఏడో గ్రేడ్ నుంచే కాలేజీ కోర్సులు తీసుకోవచ్చట, పబ్లిక్ స్కూల్ పిల్లలు పబ్లిక్ కాలేజీలో తీసుకుంటే ట్యూషన్ లేదు, పుస్తకాలు కూడా వాళ్ళే ఇస్తారట. అక్కడికొచ్చిన మనవాళ్ళంతా ఏడాదికి గరిష్ఠంగా ఇచ్చే 30 క్రెడిట్లు (కాలేజీ చదువుని లెక్కేసే పాయింట్లు) ఎలా నింపాలా అనే లెక్కల్లోనే ఉన్నారు. ఒకాయన అయితే వాళ్ళబ్బాయికి పన్నెండో గ్రేడ్ అయ్యేసరికి అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ళ డిగ్రీ) చేతికొచ్చేస్తుందని ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తీసి చూపించారు. అప్పట్నుంచి నాకు టెన్షన్. మా అమ్మాయి ఇప్పటికే రెండు ఏపీ కోర్సులు (స్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పి చివర్లో పరీక్ష పెట్టేవి) చేస్తోంది, మెడిసిన్ చదవాలని ఉంది. మా మామగారికి ఫోన్‌లో చెబితే "అంటే ఇంటర్ చదువుతూనే డిగ్రీ ఫస్టియర్ కూడా అయిపోతుందా?" అన్నారు. నిజంగా అంతేనా? ఏప్రిల్ 1 లోపు ఫారం ఇవ్వాలి. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

మేసన్ నాన్న:
మీ మామగారు దాదాపు కరెక్టుగానే పట్టుకున్నారండి. ఒక కోర్సు పాసైతే అటు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌ (మార్కుల రికార్డు)లోనూ ఇటు హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ పడుతుంది, 3 క్రెడిట్ల కాలేజీ కోర్సు హైస్కూల్లో పూర్తి ఏడాది చదివిన ఒక యూనిట్‌తో సమానం. కానీ ఆ 30 దగ్గరే అందరూ పొరబడతారు. అది కాలేజీ కోర్సులకి మాత్రమే కాదు, స్కూల్ క్లాసులతో కలిపి. స్కూల్లో తీసుకునే ఒక్కో యూనిట్‌కి 3 చొప్పున తీసేస్తే మిగిలిందే మీకు ఉచితంగా వచ్చేది. అమ్మాయి స్కూల్లో 5 యూనిట్లు ఉంచుకుంటే 15 మిగులుతాయి, అంతే. పైగా మొదటి 15 క్రెడిట్లు లెవెల్ 1 (మొదటి మెట్టు కోర్సుల) జాబితాలోంచే తీసుకోవాలి. ఆ ఎక్సెల్ షీట్ ఆయనకి ఈ మాట చెప్పి చూడండి :)

ఇంకోటి, ఫెయిలైనా, మొదటి రెండు వారాలు దాటాక డ్రాప్ చేసినా స్కూల్ డిస్ట్రిక్ట్ ఆ ఖర్చు మన దగ్గర వసూలు చేయొచ్చు. ఫ్రీ అన్నారు కదా అని పిల్లల నెత్తిన నాలుగు కోర్సులు పడేయకండి.

ప్రీమెడ్ పేరెంట్:
మెడిసిన్ అన్నారు కాబట్టి ఇది రాస్తున్నా, స్కూల్ కౌన్సెలర్లు ఈ సంగతి పెద్దగా ఎత్తరు. ఎండీకి (ఇక్కడ డాక్టర్ చదువు డిగ్రీ అదే) అప్లై చేసే ఆమ్‌కాస్ అనే దరఖాస్తులో హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సులన్నీ చూపించాలి, ఆ గ్రేడ్లన్నీ జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుస్తాయి. సైన్స్, లెక్కల గ్రేడ్లయితే సైన్స్ జీపీఏలో కూడా. అంటే పదహారేళ్ళప్పుడు కెమిస్ట్రీలో వచ్చిన సి గ్రేడ్ ఇరవై రెండేళ్ళప్పుడు కూడా వెంటే ఉంటుంది. ఏపీలో అలా కాదు, మే నెల పరీక్షలో 5కి 2 వస్తే ఆ స్కోరు ఎవరికీ పంపకుండా ఊరుకోవచ్చు. 3 వస్తే ఒహాయో పబ్లిక్ కాలేజీలు క్రెడిట్ ఇచ్చి తీరాలి. అందుకే నా మాట, కెమిస్ట్రీ, బయాలజీ, కాల్క్యులస్ స్కూల్లోనే ఏపీలో చేయించండి. ఇంగ్లిష్ కంపోజిషన్, సైకాలజీ, హిస్టరీ లాంటివి కాలేజీలో చేయనివ్వండి, అవి ఎలాగూ డిగ్రీలో చేయాల్సినవే.

హెచ్4 ఇల్లు:
ప్రీమెడ్ పేరెంట్ గారూ, మీ మాటతో సగమే ఒప్పుకుంటాను. డబ్బు సంగతి కూడా చూడాలి కదా. మేము గ్రీన్ కార్డు లైన్‌లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళం, మా పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా), ఫెడరల్ ఎయిడ్ ఒక్క డాలర్ రాదు. మాలాంటి వాళ్ళకి ఒక సెమిస్టర్ ట్యూషన్ మిగలడమంటే మాటలు కాదు. ఒహాయో పబ్లిక్ యూనివర్సిటీలోనే చదివిస్తాం అనుకుంటే ట్రాన్స్‌ఫర్ 36 అనే రాష్ట్ర జాబితా కింద ఉన్న కోర్సులు ఎంచుకోండి, రాష్ట్రంలో ఏ పబ్లిక్ కాలేజీకి వెళ్ళినా ఆ క్రెడిట్లు తీసుకోవాల్సిందే. ప్రైవేటుకో వేరే రాష్ట్రానికో వెళ్తే మాత్రం వాళ్ళ ఇష్టం, హైస్కూల్ డిప్లొమాకి లెక్కేసిన కోర్సుకి మళ్ళీ క్రెడిట్ ఇవ్వం అనే యూనివర్సిటీలు బోలెడు. క్రెడిట్లు ఎక్కువైతే ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్ అయిపోతారేమో, ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) స్కాలర్‌షిప్ పోతుందేమో అని కొందరు భయపెడతారు. మామూలుగా హైస్కూల్ అయ్యేలోపు తెచ్చుకున్న క్రెడిట్లతో అలా జరగదు.

వెస్టర్విల్ అక్క:
ఇక్కడెవరూ చెప్పని సంగతి, మనకి పేరెంట్ పోర్టల్ ఉండదు! ప్రతి క్విజ్ మార్కూ ఆఫీసులో కూర్చుని చూసుకునే అలవాటు మనది. కాలేజీలో చేరిన రోజు నుంచీ ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టం) ప్రకారం రికార్డు మీద హక్కు పిల్లలదే, పదిహేనేళ్ళైనా సరే. మావాడి అసైన్‌మెంట్ గురించి నేను ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే "మీ అబ్బాయిని ఆఫీస్ అవర్స్‌కి రమ్మనండి" (అంటే ప్రొఫెసర్ విద్యార్థుల్ని కలిసే టైముకి) అని ఒక్క లైను వచ్చింది. మొదట మండిపోయింది గానీ ఆ వారం వాడే వెళ్ళి అడిగాడు. ఇంకా కోర్సుల్లో పెద్దల విషయాలు చర్చకి రావచ్చని ఒక కాగితం ఇస్తారు, మనమూ పిల్లలూ సంతకం పెట్టాలి, కంగారు పడకండి. కాలేజీ సెలవులూ స్కూల్ సెలవులూ కలవవు, స్ప్రింగ్ బ్రేక్‌కి టికెట్లు కొనేముందు రెండు క్యాలెండర్లూ చూసుకోండి.

డబ్లిన్ అమ్మ:
అందరికీ థాంక్స్. ఇంగ్లిష్, సైకాలజీ రెండే అనుకుంటున్నాం, సైన్స్ అంతా ఏపీ. అయితే ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు, ఫారం ఇచ్చేస్తే తప్పకుండా చేరాల్సిందేనా?

మేసన్ నాన్న:
లేదండి, అది ఉద్దేశం తెలిపే ఫారం మాత్రమే, తర్వాత వద్దనుకుంటే మానేయొచ్చు. తారీకు దాటితే మాత్రం ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి, ఆయన చుట్టూ తిరగాలి. ఈ వారమే ఇచ్చేయండి.