వరంగల్ ఉద్గారాల లెక్క: మీటర్లు లేని పంపుసెట్ల కరెంటును దేని ఆధారంగా చూపాలి?

గ్లోబల్ కవనెంట్ ఆఫ్ మేయర్స్ (వాతావరణ మార్పుపై పనిచేసే నగరాల కూటమి) బ్యాడ్జీ కోసం వరంగల్ గ్రీన్‌హౌస్ వాయువుల పట్టికను జీపీసీ (నగరాల ఉద్గారాలను లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో, అందులోని ప్రాథమిక స్థాయి అయిన బేసిక్‌లో తయారుచేస్తున్నాం. ఇళ్లు, దుకాణాల సంగతి తేలిపోయింది: వాడిన యూనిట్లను సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) ఇచ్చే గ్రిడ్ గుణకంతో, అంటే యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో చెప్పే అంకెతో, హెచ్చిస్తే చాలు. చిక్కంతా 2013లో కార్పొరేషన్‌లో కలిసిన 42 గ్రామాల వ్యవసాయ పంపుసెట్లతోనే. వాటికి మీటర్లు లేవు, పైగా కరెంటు పంపిణీ సంస్థ సెక్షన్ల (స్థానిక కార్యాలయాల) హద్దులు నగరం దాటి పోతాయి.

సెక్షన్ మొత్తం వాడకాన్ని జనాభా నిష్పత్తిన విడదీస్తే వాటా అంతా నగరంవైపే ఒరిగింది. మోటార్లేమో అవతలి ఊళ్లలో ఉన్నాయి. కనెక్షన్ల సంఖ్యతో చేస్తే 3 హెచ్‌పీ, 10 హెచ్‌పీ మోటార్లు ఒకటే అయిపోయాయి. ‘అంచనా వేయలేదు’ అనే ఎన్‌ఈ గుర్తు పెట్టి వదిలేయొచ్చు గానీ, అది ఉన్నదాన్ని దాచడమే.

జీపీసీలో వ్యవసాయ ఇంధన వాడకాన్ని చూపే ఐ.5 విభాగంలో తనిఖీకి నిలబడాలంటే మంజూరైన హెచ్‌పీ మొత్తం మేలా, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు పెట్టిన నమూనా మీటర్ల రీడింగా?