ఇంటి పెళ్లి వీడియోలు అమ్మ తనే టీవీలో పెట్టుకోవాలంటే ఏ బాక్స్ కొనాలి?

తెనాలివాడు:
నమస్కారం అండి. మా దగ్గర సినిమాల కలెక్షన్ ఏమీ లేదు, ఉన్నవన్నీ ఇంటి వీడియోలే. 1988లో జరిగిన అమ్మానాన్నల పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్ (స్టూడియోలో డీవీడీ చేయించాం), అక్క పెళ్లి మూడు వీసీడీలు, నా పెళ్లి డీవీడీలు, పాప అన్నప్రాసన నుంచి ఐదో పుట్టినరోజు దాకా హ్యాండీక్యామ్‌లో తీసిన ఎంటీఎస్ (.mts) ఫైళ్లు. 2 టీబీ హార్డ్ డిస్కులో అన్నీ కలిపి 300 జీబీ దాకా ఉన్నాయి.

నాన్న పోయి రెండేళ్లయింది. తలంబ్రాలప్పుడు ఆయన తల వంచుకుని నవ్వే చోటు ఒకటుంది. అమ్మ అదే మళ్లీ మళ్లీ పెట్టమంటుంది. నేను హైదరాబాద్ నుంచి నెలకోసారే వెళ్లగలను. నేను లేనప్పుడు కూడా తనే పెట్టుకోగలగాలి.

డిస్కు నేరుగా టీవీకి పెడితే డీవీడీ 1 జీబీ ముక్కలుగా కనిపిస్తోంది. వీసీడీలోని డాట్ (.dat) వీడియో ఫైళ్లు తెరుచుకోవట్లేదు. హ్యాండీక్యామ్ వీడియోలో పాప పరిగెత్తితే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. టీవీ 43 అంగుళాల 4కే. ఎన్విడియా షీల్డ్ అనే టీవీ బాక్స్ గొప్పదని చాలామంది రాశారు. ఫైర్ టీవీ స్టిక్, యాపిల్ టీవీ, రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కూడా చూశాను. ఏది తీసుకోమంటారు?

కూకట్‌పల్లి_హెచ్‌డీ:
షీల్డ్ నా దగ్గర ఉంది, 2019 మోడల్. మంచిదే కానీ మీకు వద్దు. దాని గొప్పంతా 4కే బ్లూరే ఫైళ్లలో, డాల్బీ ట్రూహెచ్‌డీ సౌండ్‌ని యాంప్లిఫయర్‌కి యథాతథంగా పంపడంలో ఉంది. ఆ ఫైళ్లు అక్కడక్కడా సెకనుకి 100 మెగాబిట్లు దాటుతాయి, గిగాబిట్ కేబుల్ కావాలనేది అందుకే. మీ వీసీడీ బొమ్మ 352×288, మొత్తం కలిపినా 1.5 మెగాబిట్లు రాదు. డీవీడీ 10 మెగాబిట్ల లోపే. అంత డబ్బు పెట్టకండి.

మిక్సింగ్_పాతకాపు:
తెనాలివాడు గారూ, ఇరవై ఏళ్లు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేశాను. ఆ దువ్వెన పళ్లు బాక్స్ మారిస్తే తప్పకుండా పోతాయని చెప్పలేను. మన కెమెరాలు పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో తీసేవి. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు: బేసి గీతలు ఒకసారి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత. పిక్చర్ ట్యూబ్ టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి కంటికి ఏమీ తెలిసేది కాదు. ఎల్‌ఈడీ రెండింటినీ ఒకేసారి చూపిస్తే, ఆ వ్యవధిలో పాప జరిగిన దూరమే మీకు పళ్లలా కనిపిస్తుంది.

అందుకని ముందు ఫైళ్లు బాగుచేయండి. డీవీడీ ముక్కల్ని మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్క ఫైలు చేయొచ్చు, క్వాలిటీ పోదు. తర్వాత వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ (ఆ పళ్లు తీసేసే సెట్టింగు) దగ్గర బీడబ్ల్యూడిఫ్ (Bwdif), దాని పక్కన బాబ్ (Bob) పెట్టండి. బాబ్ ఒక్కో ఫీల్డుని ఒక్కో ఫ్రేము చేస్తుంది. అందుకే ఫ్రేమ్ రేట్ 50 ఉండాలి. చాలా ప్రీసెట్లు (ముందే అమర్చిన సెట్టింగులు) 30 దగ్గర ఆపేస్తాయి, అక్కడే కదలిక కుంటుతుంది. పాత వీడియో 4:3లోనే ఉంచండి. తెర నిండాలని సాగదీస్తే పెళ్లికూతురి ముఖం వెడల్పయిపోతుంది, నాకైతే అది చూస్తే ప్రాణం ఒప్పదు. ఒరిజినల్ ఫైళ్లు మాత్రం చెరపొద్దు.

ఇంకో మాట. క్యాసెట్ పారేయలేదు కదా? డీవీడీ చేసినప్పుడే బొమ్మ చాలా నలిగి ఉంటుంది. బూజు పట్టకపోతే ఇంకోసారి క్యాప్చర్ చేయించండి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, నడిచే మెషిన్లు రోజురోజుకీ తగ్గుతున్నాయి.

విశాఖ_అమ్మాయి:
మా అత్తయ్యకి 71. ఆవిడ కోసం రాస్‌బెర్రీ పై 4లో లిబ్రేఎలెక్ వేశాను, అది కోడి అనే వీడియో ప్లేయర్ నడపడానికే ఉన్న సిస్టమ్. కరెంటు పెట్టగానే నేరుగా కోడి తెరుచుకుంటుంది. టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీ (టీవీ రిమోట్ నొక్కుళ్లను కేబుల్ ద్వారా బాక్స్‌కి పంపే సదుపాయం) ఉంటే టీవీ రిమోటే సరిపోతుంది, రెండో రిమోట్ అక్కర్లేదు. డిస్కు దానికే పెట్టేయొచ్చు. సర్వర్ వద్దు, ఇంటర్నెట్ వద్దు, యాడ్స్ రావు. వీసీడీ డాట్ ఫైళ్లు కూడా ప్లే చేస్తుంది. కోడి ప్లేయర్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ సర్దుబాటు ఆన్ చేయండి, లేకపోతే 50 ఫ్రేముల వీడియో 60 హెర్ట్జ్ తెర మీద చిన్నగా కుదుపుతుంది.

ఒక్కో ఫోల్డర్‌లో ఫోల్డర్.జేపీజీ అనే పేరుతో ఒక ఫోటో పెట్టండి. మా అత్తయ్య పేర్లు చదవరు, బొమ్మ చూసి నొక్కేస్తారు. ఆ ఫోల్డర్లను కోడికి సినిమాలని మాత్రం చెప్పకండి, పెళ్లి వీడియోకి ఏదో సినిమా పోస్టర్ తగిలిస్తుంది.

కరెంటు హఠాత్తుగా పోతే రాస్‌బెర్రీ పైలోని మెమరీ కార్డు పాడవొచ్చు, కాబట్టి చిన్న యూపీఎస్ తీసుకోండి. ఫైర్ స్టిక్ కొంటే చూసి కొనండి. కోడి అమెజాన్ యాప్‌స్టోర్‌లో లేదు, బయటి నుంచి వేసుకోవాలి. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో వేగా ఓఎస్ అనే అమెజాన్ కొత్త సిస్టమ్ ఉంది, అందులో అదీ కుదరదు.

తెనాలివాడు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రాస్‌బెర్రీ పై 4, యూపీఎస్ తీసుకుంటాను. పాప వీడియో ఒకటి రాత్రే బాబ్‌తో మార్చాను, పళ్లు పోయాయి, పరుగు నిజంగా పరుగులా ఉంది. క్యాసెట్ బీరువాలోనే ఉందని అమ్మ చెప్పింది, నాన్న పట్టుపంచెలో చుట్టి పెట్టిందట. బాబాయి వాళ్ల అటక మీద వీసీఆర్ ఉంది, ఆదివారం దింపుతాను. మిక్సింగ్ అన్నా, వీసీఆర్ హెడ్ (టేపు చదివే భాగం) దేనితో తుడవాలో కాస్త చెప్పండి, క్యాసెట్ పెట్టకముందే తుడుస్తాను.

మిక్సింగ్_పాతకాపు:
ఐసోప్రొపైల్ ఆల్కహాల్, షామీ తోలు ముక్క. దూది పుల్ల వద్దు, పోగులు చిక్కుకుంటాయి. తోలు కదలకుండా పట్టుకుని, హెడ్ ఉండే గుండ్రటి డ్రమ్‌ని చేత్తో తిప్పండి, పైకీ కిందికీ రుద్దకండి. పూర్తిగా ఆరాక, ముందు అక్కర్లేని క్యాసెట్ ఏదైనా పెట్టి చూడండి. ఆ తర్వాతే మీ నాన్నగారిది.