కొలోన్‌లో ఒక్క రోజు: అమ్మానాన్నలతో ఏం చూడాలి, ఏం తినాలి?

ప్రశ్న (ప్రయాణికుడు)
శనివారం పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఐసీఈలో (జర్మనీ వేగరైలు) కొలోన్ వెళ్లి, రాత్రికి తిరిగొచ్చేయాలి. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మ శాకాహారి (గుడ్డు తింటుంది). కథెడ్రల్ టవర్ ఎక్కించవచ్చా? అక్కడి బీరు, తిండి రుచి చూడాలంటే ఏం ఆర్డర్ చెయ్యాలి?

జవాబు (రాతిమెట్లు)
నాన్నగారిని టవర్ ఎక్కించకండి. 533 మెట్లు, లిఫ్ట్ లేదు. గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్ల మీదే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరినొకరు ఒరుసుకుంటూ పోవాలి. మధ్యలో కాసేపు నిలబడదామన్నా వెనక జనం ఉంటారు. మీరొక్కరే ఎక్కితే మాత్రం దారిలో పీటర్ గంట చూడకుండా రాకండి. 24 టన్నుల బరువు, 1923లో పోత పోశారు.

ఆ సమయమంతా కథెడ్రల్ లోపల గడపడం మేలు. 1248లో మొదలైన కట్టడం 1880లో గానీ పూర్తి కాలేదు. 1560 నుంచి దాదాపు మూడు వందల ఏళ్లు పని ఆగిపోతే, సగం కట్టిన దక్షిణ టవర్ మీద చెక్క క్రేన్ అలాగే నిలిచి ఉండేది. ప్రధాన పీఠం వెనక ముగ్గురు రాజుల (బాల యేసుని చూడ్డానికి వచ్చిన జ్ఞానుల) బంగారు పేటిక ఉంటుంది. వాళ్లవని చెప్పే అస్థికలు 1164లో ఈ ఊరు చేరాయి; అంత పెద్ద గుడి తలపెట్టడానికి కారణం అవే. దక్షిణం వైపు చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ రూపొందించిన కిటికీ దగ్గరికి మధ్యాహ్నం వెళ్లండి. 72 రంగుల్లో 11,263 గాజు చదరాలు, 2007లో అమర్చారు. ఎండ కాస్తే ఆ రంగులన్నీ నేల మీదా స్తంభాల మీదా పరుచుకుంటాయి. మబ్బు రోజున అందులో సగం అందం కూడా ఉండదు. ప్రార్థన జరుగుతుంటే లోపల తిరగనివ్వరు, వేళలు ముందే చూసుకోండి.

జవాబు (వంతెనదారి)
టికెట్‌లో స్టేషన్ పేరు చూసుకోండి. కొన్ని ఐసీఈలు హౌప్ట్‌బాన్‌హోఫ్‌కి (ప్రధాన స్టేషన్) వెళ్లవు, నది ఇవతలి ఒడ్డునున్న మెస్సె/డాయిట్స్‌లోనే ఆగుతాయి. అలాంటి రైలు దొరికితే మీకింకా మంచిది. స్టేషన్ దగ్గర్లోనే కోల్న్‌ట్రయాంగిల్ భవనం. లిఫ్ట్‌లో 103 మీటర్ల ఎత్తుకి వెళ్లొచ్చు. టవర్ ఎక్కితే కథెడ్రల్ తప్ప ఊరంతా కనిపిస్తుంది, ఇక్కడ కథెడ్రల్ ఎదురుగా ఉంటుంది. పొద్దున ఎండ మీ వీపు వైపు నుంచి దాని మీద పడుతుంది కాబట్టి ఫొటోలు బాగా వస్తాయి. సాయంత్రమైతే నల్లటి ఆకారమే.

అక్కణ్నుంచి హోహెన్‌జోలర్న్ వంతెన మీద, తాళాలు వేలాడే దక్షిణపు కాలిబాటన నడిచి రండి. నాన్నగారు నడవలేకపోతే ఎస్‌-బాన్‌ లోకల్ రైల్లో ఒక్క స్టాపు. అవతలి గట్టున హైన్రిక్ బ్యోల్ ప్లాట్స్ అనే చదునులో కాపలావాళ్లు అడ్డుకుంటే గొడవ పడకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. దాని కిందే ఫిల్‌హార్మొనీ హాలు. పైన అడుగుల చప్పుడు కచేరీలో వినిపిస్తుంది, అందుకని ఆ సమయంలో దారి మూసేస్తారు.

జవాబు (ఆలుగడ్డ)
అమ్మగారికి రైబెకూఖెన్ చెప్పండి: ఆలుగడ్డ తురుము, ఉల్లి, గుడ్డు కలిపి కరకరలాడేలా వేయిస్తారు. ఆపిల్‌ముస్‌తో (ఆపిల్ గుజ్జు) అడగండి, లేకపోతే చేపతో వచ్చేది తెచ్చే వీలుంది. వేయించింది నూనెలోనా, పంది కొవ్వులోనా అన్నదీ కనుక్కోండి. హాల్వె హాన్‌లో పేరుకి కోడి ఉన్నా, వచ్చేది రై రొట్టె, మందపాటి గౌడా చీజ్ ముక్క, ఆవముద్ద, ఉల్లిపాయ. హిమ్మెల్ ఉన్ ఏర్డ్ మాత్రం ఆవిడకి వద్దు, అందులో రక్తపు సాసేజ్ ఉంటుంది.

బీరు కోల్ష్, 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసులో ఇస్తారు. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి పెట్టి, కింది అట్టబిళ్ల మీద ఒక గీత గీస్తారు. చాలనుకుంటే ఆ అట్టనే గ్లాసు మీద మూత పెట్టాలి.

ప్రయాణికుడు
అట్ట పోతేనో?

జవాబు (ఆలుగడ్డ)
ఆ గీతలే మీ బిల్లు, జాగ్రత్తగా ఉంచండి. కొంత నగదు కూడా దగ్గర పెట్టుకోండి, అన్ని చోట్లా కార్డు తీసుకోరు.