షుగర్ డాక్టరు దగ్గర నోరు విప్పలేకపోయాను

గట్టుమీద చెట్టు:
అందరికీ నమస్కారమండి. నాకు 46 ఏళ్ళు, కాకినాడ దగ్గర పల్లెటూరు. 2009 నుంచి హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను, ఒక్క పూట మానలేదు. వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేసినా టీఎన్‌డీ, అంటే వైరస్ కనపడలేదనే వస్తోంది. నాలుగేళ్ళ కిందట పాత మందు తీసేసి టీఎల్‌డీ ఇచ్చారు, మూడు మందులు కలిసిన బిళ్ళ, రాత్రికి ఒకటే. అప్పట్నుంచి 9 కిలోలు పెరిగాను. ఒకప్పుడు 38 కిలోలకి దిగిపోయి మంచం పట్టినదాన్ని కదా, లావయితే సంబరపడ్డాను. సంక్రాంతికి కుట్టించిన జాకెట్టు ఉగాదికి చేతులెక్కకపోతే మా వదినా నేనూ పడీపడీ నవ్వుకున్నాం.

ఇప్పుడు షుగరంట. పరగడుపున 168, తిన్నాక 254. మా ఊరి డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ 1000 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. మోకాళ్ళ నొప్పులకి కాల్షియం. "ఇంకేమన్నా మందులు వాడుతున్నావామ్మా" అని అడిగారు కూడా. లేదండీ అనేశాను. మా అత్తగారు చూపించుకునేదీ ఆయనకే, పైగా కాంపౌండరుది మా వీధే. పడుకునే ముందు మూడూ కలిపి మింగేస్తున్నా. పది రోజుల నుంచి కడుపులో ఒకటే తిప్పు, విరేచనాలు. షుగర్ బిళ్ళ ఆపేయనా?

పాత కార్డు:
చెల్లెమ్మా, నేను 2005లో మందులు మొదలుపెట్టిన బ్యాచ్. అప్పుడు స్టావుడిన్ అనే ఏఆర్‌టీ మందు ఇచ్చేవారు. ప్రాణం నిలబెట్టింది గానీ బుగ్గలు పీక్కుపోయాయి, అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టుండేవి. మొహం చూసే జనం కనిపెట్టేసేవారు. నీకు జాకెట్టు పట్టట్లేదు, నాకు ప్యాంటు నిలిచేది కాదు!

నవ్వులాట పక్కనపెడితే, 2022లో నాకు గుండెకి స్టెంట్ వేశారు. ఛాతీలో పట్టేస్తే గ్యాస్ అనుకుని రెండు నెలలు గ్యాస్ సిరప్ తాగాను. సిగరెట్టు సరేసరి. వైరస్ కనపడకపోయినా లోపల సన్నటి వాపు ఉంటుందనీ, అది రక్తనాళాల్ని పాడు చేస్తుందనీ డాక్టరు తర్వాత చెప్పారు. పోతాం అనుకున్నవాళ్ళం కదా, మన బీపీ, కొలెస్ట్రాల్ అప్పట్లో ఎవరికి పట్టింది? ఎలాగూ ఏఆర్‌టీ సెంటరుకి వెళ్తావు కాబట్టి అవీ చూపించుకో.

మందుల కిటికీ:
ఏఆర్‌టీ సెంటర్లో పదకొండేళ్ళుగా మందులిచ్చే మనిషిని. అమ్మా, మీ అంతట మీరు ఏదీ ఆపకండి. అలాగని వచ్చే నెల డేటు దాకా ఆగకండి, రేపే వెళ్ళండి. టీఎల్‌డీలో ఉన్న డోలుటెగ్రావిర్ మెట్‌ఫార్మిన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. అందుకే ఈ రెండూ కలిసి వాడేవాళ్ళకి మెట్‌ఫార్మిన్ రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటించరు. మీరు 2000 మింగుతున్నారు. ఆ విరేచనాలు దాని పనే అయ్యుండొచ్చు. పైగా మెట్‌ఫార్మిన్ పోయేదీ, టీఎల్‌డీలోనే ఉండే టెనోఫోవిర్ పోయేదీ కిడ్నీల్లోంచే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

కాల్షియం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఖాళీ కడుపుతో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్‌ని పట్టుకుని ఒంటికి ఎక్కనివ్వదు. ఐరన్ అయినా అంతే. టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత గానీ, 6 గంటల ముందు గానీ వేసుకోవాలి. అన్నంతో పాటైతే కలిపి వేసుకున్నా ఫరవాలేదు. అన్నగారూ, మీ గ్యాస్ సిరప్‌కి మాత్రం ఆ అన్నం వెసులుబాటు లేదు, గంటల తేడా పాటించాల్సిందే.

డాక్టరుకి చెప్పడం అంటారా, మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది. కానీ చట్టం వచ్చి కాంపౌండరు నోరు మూయదు, నాకూ తెలుసు. ఆ చీటీ, బిళ్ళల అట్టలు మీ గ్రీన్ బుక్కులో (ఏఆర్‌టీ చికిత్స పుస్తకం) పెట్టుకుని మా దగ్గరికి రండి. షుగర్ మందు కూడా పెద్దాసుపత్రిలోనే రాయించుకోవచ్చు.

ఇంకో మాట. షుగర్ తోడైతే టీబీ భయం పెరుగుతుంది. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఏది కనపడ్డా చెప్పండి. "షుగర్ కదా, చిక్కుతారులే" అని ఊరుకోవద్దు.

నెల్లూరు కోడలు:
అక్కా, మగాళ్ళు మర్చిపోయేది నేను చెప్తా. గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకున్నావా? మనకి ఆ క్యాన్సర్ ముప్పు మిగతా ఆడవాళ్ళకంటే ఆరు రెట్లట. నాకు ఏ బాధా లేదు, కౌన్సెలర్ పోరు పడలేక వెళ్ళా. ఏదో ద్రావణం రాస్తే తెల్లమచ్చ తేలింది. క్యాన్సర్ కాకముందే కాల్చి తీసేశారు. సిగ్గుపడి మానేసుంటే ఇప్పుడు ఈ మెసేజీ రాసేదాన్ని కాదేమో.

గట్టుమీద చెట్టు:
వెళ్ళొచ్చానండి. మేడమ్‌గారు చీటీ చూసి ముందు తిట్టారు, తర్వాత మంచినీళ్ళిచ్చారు. మెట్‌ఫార్మిన్ 500 చొప్పున రెండు పూటలా చేసి, ఇంకో చిన్న బిళ్ళ కలిపారు. క్రియాటినిన్ 0.9. కాల్షియం మధ్యాహ్నం అన్నంలోకి మారింది. విరేచనాలు మూడో రోజుకి కట్టాయి. చెల్లీ, నీ పరీక్షకి గురువారం రమ్మన్నారు, వదినని తోడు తీసుకెళ్తున్నా.

నిన్న సాయంత్రం కాంపౌండరు కుళాయి దగ్గర ఎదురై "ఏం అక్కా, మా డాక్టరు దగ్గరికి రావట్లేదు?" అన్నాడు. పెద్దాసుపత్రిలో షుగర్ బిళ్ళలు ఊరికే ఇస్తున్నారు కదరా అన్నాను. "అయితే మా అమ్మనీ తీసుకెళ్ళక్కా" అంటున్నాడు. ఇప్పుడు దీనికేం చెప్పను?